ఓడ పట్టికలోని పేరు – మన పితృఋణము

మానవుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో జన్మించునని మన పెద్దలు చెప్పిరి. శ్రాద్ధకాలమున పురోహితుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లను గోత్రముతో సహా అడుగును. ఈ దేశమున మనలో అనేకులు తండ్రి పేరు చెప్పుదురు, తాత పేరు చెప్పుదురు. ముత్తాత పేరు అడుగగానే ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. సముద్రము దాటి వచ్చిన ఆ మొదటి మనిషి పేరు ఇంటిలో నిలువలేదు. ప్రభుత్వపు రిజిస్టరులో మాత్రము నిలిచియున్నది. ఆ పేరును మనము ఏ భావముతో చదువవలెను అనునదే ఈ వ్యాసమున నేను విచారింపదలచిన విషయము.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి 342 మందితో డర్బన్ రేవునకు చేరినది. 1911 వరకు 384 ఓడ ప్రయాణములలో 1,52,184 మంది గిర్మిట్ కూలీలు నేటాలునకు వచ్చిరి. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుండి బయలుదేరినవారు. విశాఖపట్టణము, గంజాము, ఉత్తర ఆర్కాడు మొదలగు జిల్లాల తెలుగువారు వారిలో కలరు. ఈ ఓడల పట్టికలను నేడు క్వాజులూ-నేటాల్ విశ్వవిద్యాలయమునకు చెందిన గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ కేంద్రము ద్వారా ఎవరైనను చూడవచ్చును. ఈ కేంద్రము పూర్వము డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయములో ఉండెను. 1961లో సాలిస్‌బరీ దీవిపై, భారతీయులను వేరుగా ఉంచుటకై స్థాపింపబడిన కళాశాలయే ఆ విశ్వవిద్యాలయమునకు మూలము. మనలను వేరుచేయుటకు కట్టిన విద్యాలయమే పిమ్మట మన జ్ఞాపకములకు కాపరియైనది.

పట్టికలో ప్రతి మనిషికి ముందు ఒక సంఖ్య కలదు. తరువాత పేరు, తండ్రి పేరు, వయస్సు, స్త్రీయో పురుషుడో, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపైనున్న మచ్చలు వరుసగా వ్రాయబడినవి. గోత్రమునకు గడి లేదు. ఆమెకు ఏ పాటలు వచ్చునో, అతడు ఏ పని నేర్చియుండెనో, ఊరిలో ఎవరిని విడిచి వచ్చెనో అడిగినవారు లేరు. ఐదు సంవత్సరముల ఒప్పందమునకు, మొదటి యేట నెలకు 10 షిల్లింగులు మొదలుకొని ఐదవ యేట 14 షిల్లింగుల జీతమునకు వచ్చిన మనిషిని గురించి యజమానికి ఏది కావలెనో అదియే వ్రాయబడినది. నుదుటిపై గాటు, మోచేతిపై పుట్టుమచ్చ వ్రాసికొనుట ఆ మనిషిని మరల గుర్తుపట్టుటకు.

యజమాని అవసరము కొరకు వ్రాసిన ఈ వ్రాతను మన పితరులను గురించిన సత్యముగా స్వీకరింపవచ్చునా? స్వీకరింపరాదనుకొన్నచో వారిలో చాలమందికి వేరొక సాక్ష్యమే లేదు. స్వీకరించినచో, వారిని ఎన్నడును గౌరవింపని చేతివ్రాతకు మనము తలవంచినట్లగును. పైగా తెలుగు రాని గుమాస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషు అక్షరములలో పేర్లను వ్రాసెను. అప్పన్న, అప్పయ్య, అప్పడు అని మూడు చోట్ల కనబడునది ఒకే మనిషి కావచ్చును. 'నాయుడు' అను గౌరవపదము ఈ దేశమున ఇంటిపేరై, అక్షరములు మారి, 'నాయిడూ' అయినది. 1996 నాటి మన రాజ్యాంగము ఆరవ విభాగములో సైతము మన భాష పేరు 'తెలెగు' అని అచ్చయినది. కావున పట్టికను వేదవాక్యముగా నమ్మరాదు. పరులు వ్రాసినదని తోసివేయను రాదు. న్యాయస్థానములో సాక్షిని ప్రశ్నించినట్లు దానిని ప్రశ్నింపవలెను. ఎవరు వ్రాసిరి, ఎవరి కొరకు వ్రాసిరి, ఏది అడుగక విడిచిరి అని ప్రతి పంక్తి వద్ద నిలువవలెను.

అన్నిటికంటె మన మనస్సులను కలతపెట్టునది కులము గడి. కొందరు దానిని చూచి గర్వింతురు. కొందరు చూచి పట్టికను మూసివేయుదురు. ఈ గర్వమునకును సిగ్గునకును పునాది ఎంత గట్టిదో ఆలోచింపుడు. ఆకలితోనో, అప్పుతోనో, ఇంటి కలహముతోనో డిపో చేరిన మనిషి, తన్ను ఎక్కించుకొందురో లేదో తెలియని స్థితిలో, ఒక ఏజెంటు ఎదుట చెప్పిన మాట అది. ఆ మనిషి తన కులమును మార్చి చెప్పియుండవచ్చును. అట్లు చెప్పినచో అది అసత్యదోషమా? అడిగినవాడు గౌరవించుటకు అడుగలేదు, కూలీలను వేరుచేయుటకు అడిగెను. పుట్టుకతో తనపై మోపబడిన బరువును ఆ రేవులో దించుకొన్నవాడు ఎవరికిని హాని చేయలేదు. అయితే నేడు మనము అదే గడిని చూపి ఒక సంబంధమును కాదన్నచో, ఒకరిని పంక్తిలో దూరముగా కూర్చుండబెట్టినచో, ఆ బరువును మరల వేరొకరి తలపై పెట్టుచున్నాము. మాట ఒకటియే కావచ్చును. బరువు దించుకొనుటకు ఆడిన మాట వేరు, బరువు మోపుటకు ఆడిన మాట వేరు. మన ధర్మవిచారణ ఈ భేదమును గుర్తింపవలెను.

పాత కాగితములను కదల్చకుండుటయే మేలని చెప్పు పెద్దలు కలరు. వారి మాటను తేలికగా తీసివేయరాదు. పీటర్‌మారిట్జ్‌బర్గులోని ప్రభుత్వ పత్రాలయములో కూలీల సంరక్షకాధికారి కార్యాలయపు కాగితములు కలవు. దెబ్బలు తిన్నవారి ఫిర్యాదులు, జీతము అందనివారి మొరలు, భార్యాభర్తల తగవులు, ఆత్మహత్యల విచారణలు అందులో ఉన్నవి. నూరేండ్ల క్రిందట ఒక స్త్రీ దుఃఖముతో చెప్పుకొన్న మాటను నేడు సభలో మైకు ముందు చదువుట న్యాయమా? ఆమె అనుమతి మనకు లేదు, ఇక దొరకదు. ఆమె మన ఎదుట కూర్చుండియున్నచో ఏ మాటను ఏ విధముగా పలుకుదుమో, ఆ మాటను ఆ విధముగానే పలుకవలెనని నాకు తోచుచున్నది. అయితే బాధపడినవారి మర్యాదను కాపాడుట వేరు, బాధపెట్టినవారిని దాచుట వేరు. తోటలలో కొరడా పట్టిన సర్దారులలో మనవారును కలరు. వారి మనుమలకు ఆ పాపము అంటదు. కాని మన పూర్వీకులందరును నిర్దోషులైన త్యాగమూర్తులని ప్రతి ఉత్సవమునందును చెప్పుచుండినచో, ఆ కొరడా దెబ్బ తిన్నవానికి రెండవమారు అన్యాయము జరుగును.

అదే డాక్యుమెంటేషన్ కేంద్రములో వేరొక విధమైన కాగితములును కలవు. ఫిలిస్ నాయిడూ గారు (1928–2013) న్యాయవాది. వర్ణవివక్ష ప్రభుత్వమును ఎదిరించినవారు. 1977లో దేశము విడిచి లెసోతో చేరిరి. 1979లో అక్కడ పార్సిలుగా వచ్చిన బాంబు ప్రేలి తీవ్రముగా గాయపడిరి. 1989లో వారి కుమారుడు జాంబియాలో హత్య చేయబడెను. ఇంత దుఃఖములోను ఆమె తోటి పోరాటవీరుల కథలను, ఉరిశిక్ష పడినవారి వృత్తాంతములను కాగితముపై పెట్టుట మానలేదు. వారు సేకరించిన పత్రములు ఆ కేంద్రమునకు చేరినవి. ఓడ పట్టికలో మనుష్యులను గురించి పరులు వ్రాసిరి. ఇక్కడ ఒక స్త్రీ తనవారిని గురించి తానే వ్రాసి, తానే భద్రపరచెను. ఒకే విశ్వవిద్యాలయపు కాపుదలలో ఉన్న ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో మన కర్తవ్యము తెలియును.

మన సంస్థల కాగితములు ఏమైనవి? దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ 1931లో స్థాపింపబడినది. ఊరూర రామభజన మందిరములు, తెలుగు పాఠశాలలు నడచినవి. చెరకు తోటలలో పనిచేసి వచ్చినవారు రాత్రివేళ దీపము పెట్టుకొని పిల్లలకు ఓనమాలు దిద్దించిరి. వారి హాజరు పుస్తకములు, చందా పద్దులు, సభా నిర్ణయముల పుస్తకములు, స్వదేశమునుండి వచ్చిన ఉత్తరములు ఎవరి బీరువాలలో ఉన్నవి? ఇంటి పెద్ద గతించిన తరువాత, తెలుగు చదువలేని పిల్లలు ఆ పెట్టెను తెరచి, అర్థము కాని అక్షరములని బయట పడవేసిన సంగతులు మీరును వినియుందురు. నేను గుడి తరగతిలో తెలుగు నేర్చినవాడను. ఆ అక్షరములు నాకు నేర్పిన పుస్తకములకే ఆ గతి పట్టుట చూచుచున్నాను. యజమాని పద్దు ఒకటిన్నర శతాబ్దము నిలిచినది, మన పద్దు ఒక తరము నిలువలేదు. ఇందుకు ఇతరులను నిందింపలేము.

కనుక సోదర సోదరీమణులారా, మూడు పనులు మన చేతిలో ఉన్నవి. ఓడ పట్టికలో మీ ఇంటివారి పేరును వెదకి, దాని ప్రక్కన ఇంటిలో పిలిచిన పేరును, వినిన కథను తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాసియుంచుడు. దొరకిన సంగతిలో కులమును చూచి ఎవరినీ పైకెత్తకుడు, క్రిందికి దింపకుడు. బీరువాలోని పాత పుస్తకములను చెదలకు విడువక గ్రంథాలయమునకు అప్పగింపుడు. బయట పెట్టరాని సంగతి ఏదైన ఉన్నచో ఇచ్చునప్పుడే ఆ షరతును చెప్పుడు. గోత్రము తెలియని పితరులకును, పిండము పెట్టువారు లేక గతించినవారికిని నీళ్ళు విడుచుటకు మన సంప్రదాయములో చోటు కలదు. పేరు దొరకనివారిని అట్లు తలంతుము. దొరకినవారిని మాత్రము సంఖ్యతో విడువక, సరియైన ఉచ్చారణతో, వారు పలికినట్లు పిలుతుము గాక.