పైన కెప్టెన్, కింద సాయిబు

గాలిమోటారు చప్పుడు వినగానే వాకిట్లోకి ఉరికిన పిల్లలం మేమూ. ఆ మోజుకి మతం లేదు, ఖర్చుంది. అందుకే హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ పనివాడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా 2013లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సాధిస్తే మా ఇంటిపిల్లే ఎగిరినట్టు పొంగిపోయాం.

ఆ లైసెన్సుకి కనీసం 200 గంటలు ఎగరాలి. ఎయిర్‌లైన్ కెప్టెన్ కావాలంటే 1500. అప్పుడిక మైకులో మా పేరు వినబడినా ఎవరూ దిగిపోరు, బెల్టు బిగించి కునుకు తీస్తారు. అదే పేరు చెప్పి అద్దె ఇల్లడిగితే 'మీవాళ్లకివ్వం' అంటారు. ప్రాణాలు అప్పగించినవాళ్లే గది అప్పగించడానికి జంకుతారేం?

విమానంలో వాళ్లు నమ్మింది మమ్మల్ని కాదు, గంటల లెక్కని. మంచిదే. లెక్క పేరడగదు. మరి ఈ నేలమీద మా తాతముత్తాతలు బతికిన గంటల్ని ఏ లాగ్‌బుక్కులో చూపించాలి?