శిష్యుని దగ్గర నేర్చుకున్నవాడే గురువు

విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పబోయే యువ అధ్యాపకులారా, ఈ మాట మనసున నిలుపుకోండి. మీ పట్టాలు విద్యార్థిని కొన్నాళ్ళే ఆకట్టుకుంటాయి. తనను మనిషిగా గుర్తించారా లేదా అన్నది మాత్రం అతడు జీవితాంతం గుర్తుంచుకుంటాడు.

ఒడిశాలో పూర్వపు కోరాపుట్ జిల్లా నుంచి 1992లో విడివడిన రాయగడ జిల్లాలో కాశీపూర్ ఉంది. అక్కడి కొండ ఊళ్ళలో ఎందరో పిల్లలకు ఇంటి మాట కువి లేదా కూయి. సంతలో దేశియా, బడిలో పుస్తకాల ఒడియా. అలాంటి పిల్లవాడు 2009లో కోరాపుట్‌లో వెలసిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అడుగుపెడితే పాఠం ఇంగ్లీషులో వినాలి. వెనక బెంచీలో కూర్చుంటాడు. అర్థం కాని మాటను నోటుపుస్తకం అంచున ఒడియా అక్షరాల్లో రాసుకుంటాడు. లేచి అడగడు, నవ్వులపాలవుతానేమోనని భయం. ఆ మౌనాన్ని మందబుద్ధిగా లెక్కగట్టడం గురువుకు తగని పని.

శిష్యుల భాషను తానే నేర్చుకున్న గురువు ఒకరు ఆ సీమకు తూర్పున, పర్లాకిమిడిలో ఉండేవారు. గిడుగు వేంకట రామమూర్తి 1880లో అక్కడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. పరిసరపు కొండల్లో ఉండే సవర గిరిజనులకు చదువు లేకపోవడం ఆయన్ను కలచివేసింది. వాళ్ళకు పాఠం చెప్పాలంటే ముందు తానే శిష్యుడు కావాలని గ్రహించారు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట ఉంచుకుని ఆ భాష నేర్చారు. వాచకాలు రాశారు, బడి నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. నిఘంటువు అచ్చయ్యేనాటికి ఆయనకు డెబ్బయి అయిదేళ్ళు. సవర ముండా భాష, తెలుగుతో దానికి చుట్టరికమే లేదు. కువి, కూయి అలా కాదు, తెలుగుకు తోబుట్టువులు. ఏ చుట్టరికమూ లేని భాష కోసం ఆయన అంత పాటుపడితే, తోబుట్టువు భాషలో ఓ పలకరింపు నేర్వడం మనకు భారమా?

విద్యార్థులు కోరేది గొంతెమ్మ కోరికేమీ కాదు. వేళకు రండి. తెలియనిది తెలియదని చెప్పి, మర్నాడు తెలుసుకుని వచ్చి వివరించండి. జవాబుపత్రం మీద మార్కు వేసి ఊరుకోక, తప్పు ఎక్కడ మొదలైందో రెండు వాక్యాల్లో రాయండి. ఒకరి ఉచ్చారణను పదిమందిలో వెక్కిరించకండి. చొరవ ఉన్నవాడికీ నోరులేనివాడికీ ఒకే తూకంతో మార్కులు వేయండి. విద్వత్తు ఎంత ఉన్నా ఈ న్యాయం లేకపోతే శిష్యుడు భయపడతాడే తప్ప గౌరవించడు.

రేపు తరగతిలో మొదటి గంట పాఠ్యపుస్తకం తెరవకండి. ఏ ఊరు, ఇంట్లో ఏం మాట్లాడతారు, ఇక్కడికి ఎలా చేరారు అని ఒక్కొక్కరినీ అడగండి. చెప్పింది రాసుకోండి. వారం తిరిగేలోగా అందరినీ పేరు పెట్టి పిలవండి. వెనక బెంచీ నుంచి మొదటి ప్రశ్న వచ్చిన నాడే మీ బోధన మొదలైందని తెలుసుకోండి.