వరుస చెప్పని లెక్క

కోడుమూరులో ఒక పెద్దాయన ఉల్లిగడ్డల మండీ నడిపేవాడు. కర్నూలులో ఇంజనీరింగ్ చదివే మనవరాలు సెలవులకొచ్చి, కాటా లెక్కల కోసం సీ భాషలో ఒక ప్రోగ్రాం రాసిపెట్టింది. గుమాస్తా ఒక్కో సంచికి రెండు అంకెలు కొడతాడు. ముందు రైతు నంబరు, తర్వాత బరువు. ఆ రెంటినీ ఖాతాకెక్కించే వరుస ఇంతే: ఎక్కించు(చదువు(), చదువు()).

ఆ పిల్ల ల్యాప్‌టాప్‌లో ఉన్నది క్లాంగ్ కంపైలర్. అక్కడ లెక్క సరిగ్గా వచ్చింది. మండీలోని పాత కంప్యూటర్లో జీసీసీ. అదే ఫైలు, ఒక్క అక్షరం మారలేదు. అయినా 52వ నంబరు రైతు తెచ్చిన 49 కిలోల సంచి, 49వ నంబరు రైతు పేర 52 కిలోలుగా పడింది.

ఆప్టిమైజేషన్ తీసేసి చూసింది. నడుమ నడుమ ప్రింట్‌ఎఫ్‌లు పెట్టి చూసింది. జీసీసీని తీసేసి మళ్లీ ఎక్కించింది. చివరికి, "ఈ కంపైలర్‌దే తప్పు జేజినాయనా, కొత్త కంప్యూటర్ కొనాల" అంది.

పెద్దాయనకు కంప్యూటర్ రాదు. "ఆ వరుసలో ఏం రాసినావో మామూలు మాటల్లో చెప్పు పాపా" అన్నాడు.

"ఒక అంకె చదివియ్యి, ఇంకో అంకె చదివియ్యి, రెండూ ఖాతాకెక్కించు అని రాసినా."

"ముందు ఏది చదవాలని చెప్పినావా?"

"ఎడమ పక్కది ముందు రాసినా కదా!"

"ముందు రాసినావు సరే. ముందు చదవమని చెప్పినావా? ఇద్దరు హమాలీలను గోదాములోకి పంపి చెరో సంచి తెమ్మంటే, ఎవరికి వీలైతే వాళ్లు ముందొస్తారు. ముందొచ్చిన సంచి ఫలానా రైతుదని నా మనసులో నేననుకుని, వాళ్ల మీద కోప్పడితే ఏం న్యాయం?"

ఆమె భాష నిబంధనలు తెరిచి చూసింది. ఫంక్షన్‌కు ఇచ్చే విలువల్లో దేన్ని ముందు లెక్కగట్టాలో కంపైలర్ ఇష్టానికే వదిలేశారు. క్లాంగ్ ఎడమ నుంచి మొదలుపెట్టింది, ఆ యంత్రం మీది జీసీసీ కుడి నుంచి మొదలుపెట్టింది. నిబంధనను రెండూ తప్పలేదు. ముందుగా ఆ రైతుల ఖాతాలు సరిచేసి, తర్వాత ప్రోగ్రాం పట్టుకుంది. రైతు నంబరును ఒక వరుసలో, బరువును ఆ కింది వరుసలో చదివించింది. రెండు యంత్రాల్లోనూ ఒకటే లెక్క వచ్చింది.

నీతి: రెండు కంపైలర్లు రెండు మాటలు చెబితే, మొదట వెతకాల్సింది మనం చెప్పకుండా వదిలేసిన మాటను.

కంపైలర్లలో తప్పులే ఉండవని కాదు. కానీ తప్పు మన ప్రోగ్రాంలో దొరకడమే ఎక్కువ. 1989లో అమెరికాలో సీ భాషకు ప్రమాణం ఖరారైనప్పుడు, రకరకాల యంత్రాల మీద అది వేగంగా నడవాలని కొన్ని విషయాలను కావాలనే తెరిచి ఉంచారు. ఇంట్ ఎంత పెద్దదన్నదీ అలాంటిదే. కనీసం 16 బిట్లుండాలన్నారు, అంతే. మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఏళ్ల తరబడి వాడిన టర్బో సీలో అది సరిగ్గా 16 బిట్లు. సంచుల మొత్తం 32,767 కిలోలు దాటిందా, లెక్క మైనస్‌లోకి పోతుంది. నేటి జీసీసీలో మామూలుగా 32 బిట్లు కాబట్టి అదే ప్రోగ్రాం నిక్షేపంగా నడుస్తుంది. ఇక విలువలను లెక్కగట్టే వరుస మాటకొస్తే, జావాను రూపొందించినవాళ్లు మాత్రం ఎడమ నుంచి కుడికేనని రాసిపెట్టారు. అందుకే మండీలో వచ్చిన చిక్కు అక్కడ రాదు.

ఇలాంటి వరుస తప్పును జీసీసీ మామూలు హెచ్చరికలు పట్టుకోవు. బయటపెట్టేది రెండో కంపైలరే. అందుకే అధ్యాపకులను అడుగుతున్నాను: పిల్లల ప్రోగ్రాంలను ల్యాబులో రెండు కంపైలర్ల మీద నడిపించండి. ఒకదాని మీద వచ్చిన సరైన జవాబుకు సగం మార్కులే వేయండి. తేడా వచ్చినప్పుడు, దాని కారణాన్ని నిబంధనల్లో వెతికి చూపించిన పిల్లకు మిగతా సగం ఇవ్వండి.