పద్దుకో పేరు

డ్యూసెల్‌డార్ఫ్‌లో చిన్న హోటల్ నడిపే తెలుగువారికి ఒక మాట. జర్మనీలో గత ఏడాది అమ్మకాలు 25,000 యూరోలు దాటితే అమ్మకపు పన్ను మొదలవుతుంది. 2026 నుంచి బిర్యానీకి 7 శాతం, వెంట ఇచ్చే కాఫీకి 19. ఒకటే బిల్లు, రెండు లెక్కలు! అందుకే ఖర్చులూ రాబడీ రాసుకునే యాప్‌లో ‘ఇతరాలు’ అని వదిలేయకుండా పద్దులకు మీ సొంత పేర్లు పెట్టుకోండి: భోజనం, పానీయం, సరుకులు, అద్దె. అన్నిటికన్నా నేను గట్టిగా అడిగేది ‘ఇంటి వాడకం’. హోటల్ బియ్యం ఇంటికి తెచ్చుకుంటే అదీ లెక్కే; చాలామంది రాయనిదీ అదే. రసీదులు 8 ఏళ్లు దాచాలని చట్టం. థర్మల్ కాగితం మీది అక్షరాలు అంతకుముందే వెలిసిపోతాయి, కొన్నరోజే ఫోటో తీసి ఆ పేరు కిందే చేర్చండి.