కొట్టేసిన పట్టిక

పాకాల



సైన్స్ ఫేర్ కోసం నువ్వు చేసిన విద్యుదయస్కాంతం ఫోటోలు మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. ఇనుప మొల మీద తీగ చుట్టిన తీరు బాగుంది. చుట్టు పక్కన చుట్టు ఒత్తుగా పడింది, ఎక్కడా ఒకదానిమీదొకటి ఎక్కలేదు. బతుకంతా మోటార్లకు వైండింగ్ చేసినోణ్ణి, ఊరికే మెచ్చుకోను.

ఆఖరు ఫోటోలో నీ నోటుబుక్కు కూడా పడింది. అందులో రెండు పట్టికలున్నాయి. పైది పెన్సిలుతో రాసి కొట్టేసినావు: 25 చుట్లకు 4 గుండుసూదులు, 50కి 7, 75కి 9, 100కి 10. కింద స్కెచ్ పెన్నుతో గళ్లు గీసి ముత్యాల్లాంటి అక్షరాలతో 4, 8, 12, 16 అని రాసినావు. మీ అమ్మను అడిగితే, "చుట్లు పెరిగితే బలం పెరుగుతుందని పుస్తకంలో ఉంది కదా, లెక్క కుదరలేదని సరిచేసుకుందిలే" అనింది.

నాకు నచ్చింది ఆ కొట్టేసిన పట్టికే పాపా. అందులో ఉన్న సరుకు కిందిదాంట్లో లేదు.

ఎందుకంటావా? తీగ పొడుగయ్యేకొద్దీ కరెంటుకు అడ్డం పెరుగుతుంది. కాబట్టి చుట్లు రెట్టింపు చేసినా, పారే కరెంటు ముందున్నంత ఉండదు. పైగా నీది బ్యాటరీలైటులో వేసే చిన్న బ్యాటరీ. తీగ రెండు కొసలూ దానికి తగిలిస్తే ఇంచుమించు షార్ట్ చేసినట్టే, వేడెక్కి తొందరగా నీరసపడుతుంది. 25తో మొదలుపెట్టి 100 దాకా పోయేసరికి దాంట్లో సత్తువ ఎంత మిగిలిందో! ఇనుముకూ ఒక హద్దుంది. ఆ హద్దు దగ్గరపడేకొద్దీ ఎన్ని చుట్లు వేసినా లాభం తగ్గుతూ పోతుంది. వీటిలో నీ మొల దగ్గర ఏది ఎంత పని చేసిందో ఆ 7, 9, 10ని పట్టుకునే వెతకాలి. 8, 12, 16 అని రాసేస్తే వెతకడానికి ఏముంటుంది?

అలిపిరి దగ్గర సైన్స్ సెంటర్‌లో బటన్ నొక్కితే పరికరం పాఠంలో చెప్పినట్టే పనిచేస్తుంది, దాన్ని పెట్టిందే అందుకు. ఇంట్లో మొల నీ మాట వినదు. నాకైతే మొలే ఎక్కువ ఇష్టం.

కొట్టేసినదాని పక్కన ఇంకో మాట కూడా చదివినాను: "బ్యాటరీ తీసేసినా 2 సూదులు పడలేదు." ప్రయోగం చెడిందనుకుని దాన్నీ కొట్టేసినావు. చెడలేదు తల్లీ. అంగట్లో దొరికే మొల వట్టి ఇనుము కాదు, కాస్త కార్బన్ కలిసిన ఉక్కు. కరెంటు పోయినా కొంత అయస్కాంతగుణం పట్టుకునే ఉంటుంది. మొల తీసి కుట్టుసూది పెట్టి చూడు, ఇంకా మొండిగా పట్టుకుంటుంది. మన బోరు స్టార్టరు పెట్టెలో ఉండే కాయిల్ కూడా నీ మొలలాంటి విద్యుదయస్కాంతమే. కరెంటు ఉన్నంతసేపూ మోటారు కాంటాక్టులను పట్టుకుని ఉండాలి, పోగానే వదిలేయాలి. అందుకే అందులో మొలలాంటి ఉక్కు పెట్టరు, సిలికాన్ కలిపిన ఇనుప రేకులు పేరుస్తారు. నువ్వు కొట్టేసిన ఆ రెండు సూదుల వెనక ఇంత కథ ఉంది.

లెక్క మారిస్తే ఏమవుతుందో మా షాపు సంగతి చెప్తా విను. కాలిన మోటారు షాపుకొస్తే కొత్త తీగ మీద చేయి వేయం. ముందు పాత కాయిల్ కోసి, మసిబట్టిన తీగలు ఒక్కొక్కటీ విడదీసి లెక్కపెడతాం. గేజితో మందం చూస్తాం. రెండూ నోటుబుక్కులో రాసుకున్నాకే మిగతా పని. చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టినాక లోపల ఎన్ని చుట్లున్నాయో రైతుకు కనబడదు. రాగి కిలో లెక్కన కొంటాం కదా, కాయిల్‌కు నాలుగు చుట్లు మింగితే చుట్టేవాడికి నాలుగు డబ్బులు మిగుల్తాయి. మోటారు ఆ రోజు చక్కగానే తిరుగుతుంది. కానీ చుట్లు తగ్గిన మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, టమాటా కాపు మీదున్నప్పుడు నడి ఎండాకాలంలో కాలి కూర్చుంటుంది. అట్లాంటివి విప్పి లెక్కపెట్టినాను. పంట పోయిన మనిషి ఎదురుగానే నిలబడి ఉంటాడు, అతనికి ఏం చెప్పాలో తోచదు. నీ పట్టికలో ఎవరి పంటా పోదు, నిజమే. చేతికి అలవాటు మాత్రం ఈ వయసులోనే పడుతుంది.

మార్చి రాసిన పట్టిక ఇంకొకరినీ తికమక పెడుతుంది. కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ వాళ్ల 172 ఎకరాల క్యాంపస్ ఉంది. బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన రామ్‌జీ రాఘవన్ 1999లో ఆ సంస్థ పెట్టినాడు. వాళ్ల వ్యాన్లు ఇట్లాంటి సామాన్లే వేసుకుని ప్రభుత్వ బడులకు పోతాయి. అక్కడ నేర్చుకున్న పిల్లలు తోటి పిల్లలకు చెప్తారు. నీ స్కెచ్ పెన్ను పట్టిక అట్లా ఇంకో పాప చేతికి పోయిందనుకో. ఆ పాప చుట్టి చూస్తే 16 రావు. తన చేతిలోనే లోపముందనుకుని పక్కన పెట్టేస్తుంది.

నువ్వు చేసిన విద్యుదయస్కాంతానికీ ఒక పాత కథ ఉంది. విలియం స్టర్జన్ అని ఇంగ్లండులో ఒకాయన, చెప్పులు కుట్టేవాళ్ల ఇంట పుట్టినాడు. గుర్రపునాడాలాగా వంచిన 200 గ్రాముల ఇనుముకు 18 చుట్లు వేసి, దాంతో 4 కిలోలు ఎత్తి 1825లో జనానికి చూపించినాడు. ఆయనది వట్టి తీగ, అందుకని చుట్లు ఎడమెడంగా వేయాల్సి వచ్చింది. తర్వాత అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకే గుడ్డ తొడిగి, వరస మీద వరస వేసి, 1831కల్లా 900 కిలోలకు పైగా ఎత్తినాడు. ఆ గుడ్డ బదులే ఇప్పుడు నీ తీగ మీద ఎనామిల్ పూత. కొసలు గీకకపోతే బ్యాటరీ పట్టకపోవడం అందుకే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. బలం చాల్లేదని స్కూటరు బ్యాటరీ, ఇన్వర్టరు బ్యాటరీ, ఫోను బ్యాటరీ ముట్టుకోవద్దు. మన కరకంబాడిలో అమరరాజా వాళ్లు చేసే కారు బ్యాటరీ ఇంజన్నే తిప్పుతుంది, నీ సన్న తీగ దానికెంత? క్షణంలో ఎర్రగా కాలి చేయి కాలుస్తుంది. గోడ ప్లగ్గు జోలికి పోనే పోవద్దు. చిన్న బ్యాటరీతోనైనా ఐదు సెకన్లకు మించి తగిలించి ఉంచకు.

ఇప్పుడు కొత్త బ్యాటరీ వేసి, ఈసారి 100 చుట్లతో మొదలుపెట్టి 25 దాకా దిగు. ఒక్కో లెక్కకు మూడుసార్లు ఎత్తించి మూడూ రాయి. ఫేర్‌లో కొట్టేసిన పట్టికను కూడా పెట్టు. ఎవరైనా తప్పంటే, మొల ఇచ్చి వాళ్లనే ఎత్తి చూడమను. తీగ చాలకపోతే మీ నాయనతో చెప్పు, బస్సులో పంపిస్తాను.

అవ్వ అడిగినానని చెప్పమంది.

మీ తాత