దూడలు ముందు, ఆవులు తర్వాత

గోపాష్టమి వీడియోలో టైమ్ సరిపోక ఒక విషయం వదిలేశాను. చిన్నపిల్లలకి పని అలవాటు ఎలా చెయ్యాలి, ఏ వయసు నుంచి చెయ్యాలి, ఎక్కడ ఆగాలి అన్నది. ఆగాలి అన్న మాట కావాలనే అంటున్నాను. ఇళ్లల్లో ఈ ముచ్చట వచ్చినప్పుడల్లా పెద్దవాళ్లు "ఈ కాలం పిల్లలకి ఒళ్లు వంగదు, ఫోన్ తప్ప ఏదీ పట్టదు, మా చిన్నప్పుడైతేనా..." అని మొదలుపెడతారు. ఆ చిన్నప్పుడులో ఏముందో కొంచెం చూడాలి.

ముందు కృష్ణుడి చిన్నతనం చూద్దాం. నందుడు కొడుక్కి ఎకాఎకిన ఆవుల మంద అప్పజెప్పలేదు. భాగవతం దశమ స్కంధం ప్రకారం బృందావనం వచ్చాక మొదట ఇచ్చింది దూడలను, అది కూడా ఊరికి దగ్గర్లోనే మేపడానికి. ఐదేళ్లు దాటి పౌగండ వయసు వచ్చాకే ఆవులు. ఆ ఆవులు అప్పజెప్పిన రోజు కార్తీక శుద్ధ అష్టమి అని సంప్రదాయం, అదే మన గోపాష్టమి. చేతిలో చల్ది మూట, చుట్టూ తోటి పిల్లలు, మధ్యలో బోలెడు ఆట. మా ఆఫీసులో కూడా కొత్తగా చేరిన ఫ్రెషర్‌కి మొదటి వారమే ప్రొడక్షన్ సర్వర్ చేతికివ్వరు. తప్పు జరిగినా ఎవరికీ నష్టం రాని చిన్న బగ్ ఒకటి ఇచ్చి సరిచెయ్యమంటారు. దూడ అంటే అలాంటి పని. తప్పిపోయినా వెతికి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు మా తాత చిన్నతనం. పాలమూరు వైపు పల్లె. ఎనిమిదేళ్లకే ఊళ్లో ఒక దొర దగ్గర జీతానికి ఉన్నాడు. ఏడాదికి ఇన్ని జొన్నలని మాట, అవి కూడా వాళ్ల నాన్న చేసిన అప్పు కిందికి జమ. పని మాత్రం కృష్ణుడి పనే, పశువులు కాయడం. చేతిలో కర్ర అదే, వాన అదే, ఎండ అదే. ఒక వానాకాలం రాత్రి బాగా పొద్దుపోయాక తడిసి ముద్దై తిరిగొస్తే వాకిట్లో వినిపించిన మొదటి మాట "గొడ్లన్నీ వచ్చినయారా?" అని. ఎనభై ఏళ్లు వచ్చాక కూడా తాత ఈ సంగతి చెప్పేవాడు. కోపంతో కాదు. ఒక్క గొడ్డు కూడా తప్పిపోలేదని గొప్పగా చెప్పేవాడు.

ఆ గొప్ప నిజమైనదే, దాన్ని నేను తీసిపారెయ్యలేను. పొద్దున్నే లేవడం, మొదలుపెట్టింది మధ్యలో వదలకపోవడం, ఒకరి సొమ్ము ముట్టకపోవడం, ఇవన్నీ తాతకి ఆ గొడ్ల వెనకే అబ్బాయి. కానీ అదే పని ఆయన దగ్గర్నుంచి అక్షరాలు తీసుకుపోయింది. చివరిదాకా పింఛను కాగితం మీద నిశానీయే వేశాడు. ఇన్ని నేర్పిన పనిని తాత తన పిల్లలకి మాత్రం ఇవ్వలేదు. మా అమ్మని పదో తరగతి దాకా చదివించాడు. ఆయన మాటల కంటే ఆయన చేసిన ఈ పని మీదే నాకు నమ్మకం ఎక్కువ.

భాగవతంలోనూ ఇలాంటి వాన ఒకటి ఉంది. సాందీపని ఆశ్రమంలో చదువుకునేటప్పుడు కృష్ణుణ్ణి, కుచేలుణ్ణి గురుపత్ని కట్టెలు తెమ్మని అడవికి పంపింది. అకాలపు గాలివాన పట్టుకుంది, చీకటి పడింది, దారి తెలియలేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని రాత్రంతా అడవిలోనే తిరిగారు. తెల్లవారగానే గురువుగారు స్వయంగా వెతుక్కుంటూ వచ్చారు. కట్టెల కోసం కాదు, పిల్లల కోసం. వాళ్లని చూసి తన కోసం ఎంత కష్టపడ్డారోనని మనసు కరిగి ఆశీర్వదించారు. మనం ఈ కథలో కుచేలుడి అటుకులు గుర్తుపెట్టుకుంటాం, ఈ తెల్లవారుజాము మర్చిపోతాం. పని చెప్పినవాడు పని కోసం వచ్చాడా, పిల్లవాడి కోసం వచ్చాడా? శిక్షణకీ చాకిరీకీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. పిల్లవాడు ఈరోజు ఆ పని చెయ్యకపోతే నష్టం ఎవరికి అని అడిగి చూడండి. పెద్దవాళ్ల లెక్కలో ఏదో తగ్గుతుంది అంటే అది పిల్లవాడి కోసం పెట్టిన పని కాదు.

ఇది పాతకాలం గొడవ అనుకోకండి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, బాలకార్మికుల చట్టం 1986లో. అయినా 2015 జనవరిలో మా జల్‌పల్లికి ఎంతో దూరంలో లేని పాతబస్తీలో గాజుల తయారీ గదుల నుంచి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు. చాలామంది బీహార్ నుంచి వచ్చినవాళ్లు. మా వైపు టీ బండి దగ్గర గ్లాసులు కడిగే పదేళ్ల పిల్లవాడి గురించి అడిగితే "ఏముంది అన్నా, పని నేర్చుకుంటుండు" అన్నాడు యజమాని. అదే మాట మనం ఇంట్లో మన పిల్లల గురించి కూడా వాడతాం కాబట్టే అది అంత తేలిగ్గా చెల్లిపోతుంది.

ఈ మాటని మా రంగారెడ్డి జిల్లాలోనే గట్టిగా నిలదీసినవాళ్లున్నారు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి ఇక్కడి పల్లెల్లో పిల్లల్ని పని మాన్పించి బడిలో చేర్చింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా పిల్లవాడూ బాలకార్మికులే అన్నది వాళ్ల మాట. పేదవాళ్లకి పిల్లల సంపాదన కావాలి, చదువు అక్కర్లేదు అన్న వాదనని వాళ్లు ఒప్పుకోలేదు. వయసు మించిపోయిన పిల్లల్ని శిబిరాల్లో ఉంచి, చదువు అందుకునేలా చేసి బడికి పంపారు. 2003లో ఆమెకి మెగసెసే అవార్డు వచ్చింది. చట్టం మాత్రం 2016 సవరణలో బడి వేళ తర్వాత, సెలవుల్లో ఇంటి వ్యాపారంలో సాయం చెయ్యొచ్చని చిన్న సందు వదిలింది. ప్రమాదం లేని పనైతేనే అన్నారనుకోండి. ఆ సందులో దూడ ఎక్కడిదాకా, మంద ఎక్కడ్నుంచి అన్నది ఏ ఇన్‌స్పెక్టరూ కొలవలేడు. తల్లిదండ్రులే చూసుకోవాలి.

గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం మనందరికీ నోటికి వచ్చు. ఫలం అడగకుండా పని చెయ్యమని పిల్లలకి దాన్ని చెప్తుంటాం. అయితే కృష్ణుడు ఆ మాట చెప్పింది ఎదిగిన అర్జునుడికి, అతని రథం మీద కూర్చుని, అతనితో పాటే యుద్ధభూమిలో ఉండి. ఒకరి ఫలం తాను తింటూ చెప్పలేదు. సోఫాలో కూర్చుని రీల్స్ చూస్తూ "వెళ్లి నీ గది సర్దుకో" అనే మనకి ఆ శ్లోకం చదివే అర్హత కొంచెం తక్కువే. ఇంకోపక్క, కంచం తీస్తే చాక్లెట్, బట్టలు మడిస్తే అరగంట ఫోన్ అని బేరం పెడితే నాలుగు రోజుల్లో పిల్లవాడు పని వైపు చూడ్డం మానేసి చాక్లెట్ వైపు చూస్తాడు.

మా అక్క కొడుక్కి ఐదేళ్లు. గురువారం సాయంత్రం దీపపు కుందులు తోమడం వాడి పని. చింతపండు పిసికి, ఒక కుంది వాడు, ఒకటి వాళ్లమ్మ. వాడిది అరగంట పడుతుంది, సగం నీళ్లు చొక్కా మీదే, అడుగున నల్లగా మిగిలిపోతుంది. అమ్మ ఒకసారి దాన్ని తీసుకుని మళ్లీ తోమబోతే అక్క ఆపేసింది. శుక్రవారం పొద్దున ఆ నల్లమచ్చ కుందిలోనే వత్తి వేసి వెలిగించారు. మూడో వారానికి వాడే ఆ మచ్చ చూపించి ఇంకొంచెం చింతపండు అడిగాడు. ఎవరూ చెప్పలేదు. ఒంట్లో బాగోలేని వారం తోమలేదు, ఎవరూ ఏమీ అనలేదు, వెలిగే దీపం వెలిగింది.

వచ్చే కార్తీకానికి వాడికి ఆరు నిండుతాయి. అగ్గిపుల్ల తనే గీసి దీపం వెలిగిస్తానని ఇప్పట్నుంచే అడుగుతున్నాడు. అక్క ఇంకో ఏడాది ఆగమంటోంది. పక్కన ఒకరు నిలబడితే ఇవ్వొచ్చు కదా అని నేనంటున్నాను. ఇంకా తేలలేదు.