ఎవరు చెప్పిన ‘లేదు’?

అమీర్‌పేటలో నేను రూటింగ్ పాఠం చెప్పే ల్యాబులో పిల్లల నోట ఎక్కువగా వినబడే మాట ‘నెట్‌వర్క్ లేదు మేడమ్’. ఆదివారాలు ఒక పండితుల దగ్గర తర్కసంగ్రహం చదువుకుంటున్నాను. 17వ శతాబ్దంలో మన తెలుగువాడైన అన్నంభట్టు రాసిన ఆ చిన్న పుస్తకంలో ఏడు పదార్థాలుంటాయి, చివరిది అభావం. లేకపోవడం కూడా ఒక పదార్థమే. దాన్ని తెలుసుకోవడానికీ ఒక క్రమం ఉంది. ఆ క్రమం ఎంత అవసరమో నాకు పుస్తకం కన్నా ల్యాబే ఎక్కువ నేర్పింది.

ల్యాబులో మూడు రౌటర్లు. ఆర్1, ఆర్2ల మధ్య నడిచేది ఓఎస్‌పీఎఫ్. ఆర్2, ఆర్3ల మధ్య రిప్ మొదటి వెర్షన్, లింకు 172.16.1.0/24. ఆర్1 వెనక 172.16.20.16/28 అనే చిన్న నెట్‌వర్క్ ఉంది, 14 మెషీన్లకు సరిపోతుంది. ఓఎస్‌పీఎఫ్ రూట్లను రిప్‌లోకి రీడిస్ట్రిబ్యూట్ చెయ్యమని ఆర్2కి చెప్పాం, మెట్రిక్ కూడా ఇచ్చాం. ఆర్2 టేబుల్లో ఆ /28 నిక్షేపంలా ఉంటుంది. ఆర్3 టేబుల్లో ఉండదు. ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు. డీబగ్ పెట్టి చూస్తే, ఆర్2 పంపే అప్‌డేట్‌లోనే ఆ రూటు ఉండదు.

కారణం తెలిసిందే. రిప్ మొదటి వెర్షన్ అడ్రసు చెబుతుంది కానీ మాస్కు చెప్పదు. 1988లో చార్లెస్ హెడ్రిక్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1058 ప్రకారం ఒక్కో రూటుకు 20 బైట్లు. అందులో అడ్రసుకు 4, దాని వెంటనే 8 బైట్లు తప్పనిసరిగా సున్నాలే ఉండాలి. తర్వాత రెండో వెర్షన్ వచ్చినప్పుడు మాస్కును కూర్చోబెట్టింది ఆ సున్నాల్లోని మొదటి 4 బైట్లలోనే. చెప్పడానికి చోటు మొదటి నుంచీ ఉంది, చెప్పే ఏర్పాటే లేదు. ఈ వివరం దగ్గర నేను క్లాసులో కాసేపు ఆగుతాను, సిలబస్‌కు అక్కర్లేకపోయినా.

మాస్కు రాదు కనుక అందుకునే రౌటరే ఊహించుకోవాలి. వచ్చిన అడ్రసు తన ఇంటర్‌ఫేస్ ఉన్న పెద్ద నెట్‌వర్క్‌లోదే అయితే తన మాస్కునే దానికీ తగిలిస్తుంది. వేరేదైతే పుట్టుకను బట్టి ఏ క్లాసుకు 8 బిట్లు, బీకి 16, సీకి 24. మన /28ని అలా పంపితే ఆర్3 దాన్ని మరోలా అర్థం చేసుకుంటుంది. అందుకే మాస్కు కలవని రూటును ఆర్2 పంపకుండా ఊరుకుంటుంది. తప్పు చెప్పడం కన్నా ఊరుకోవడం మేలే, నేనూ ఒప్పుకుంటాను. చిక్కు ఆ మౌనాన్ని మనం చదివే తీరులో ఉంది.

ఆర్3 వెనకున్న పీసీ నుంచి 172.16.20.18కి పింగ్ కొడతారు. ‘అన్‌రీచబుల్’ అని ఆర్3 జవాబిస్తుంది. ‘నెట్‌వర్క్ లేదు మేడమ్.’

కనబడకపోవడాన్ని బట్టి లేదని తెలుసుకోవడం అనుపలబ్ధి. అది వేరే ప్రమాణమని, అంటే తెలుసుకునే వేరే సాధనమని కుమారిల భట్టు వైపు మీమాంసకులు, కాదు ప్రత్యక్షానికి అది తోడు మాత్రమేనని న్యాయశాస్త్రం వాళ్లయిన నైయాయికులు వందల ఏళ్లు వాదించుకున్నారు. ఎంత వాదించుకున్నా ఒక షరతు దగ్గర ఇద్దరూ ఒకటే: అది యోగ్యానుపలబ్ధి కావాలి. చీకట్లో నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదనకూడదు. వెలుతురుండి, కన్ను బాగుండి, ఉంటే కనబడి తీరాల్సిన చోట కనబడకపోతేనే లేదనాలి. /28 విషయంలో ఆర్3కి ఆ యోగ్యత లేదు. అది ఉన్నా దానికి కనబడదు. అలాంటప్పుడు దాని టేబుల్లో లేకపోవడం దేనికీ సాక్ష్యం కాదు.

‘యంత్రానికి జ్ఞానమేంటి మేడమ్’ అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. జ్ఞానం యంత్రానిదని నేననను. కానీ ఆ టేబుల్ చూసి లేదని తేల్చేది మనిషి. షరతు వర్తించేది అతనికే.

ఇక దీనికి చేసే చికిత్స చూడండి. ఆర్2లో 172.16.20.0/24 నల్ జీరోకి అని ఒక స్టాటిక్ రూటు రాసి, దాన్ని రిప్‌లోకి పంపుతాం. నల్ జీరో అంటే ఎక్కడికీ వెళ్లని ఇంటర్‌ఫేస్, దానిలోకి పోయిన ప్యాకెట్ పోయినట్టే. అయితే దాని మాస్కు లింకు మాస్కుతో కలిసింది కాబట్టి ఆర్3కి ఇది అందుతుంది. ఇప్పుడు 20.18కి వెళ్లే ప్యాకెట్ ఆర్2 దాకా వస్తుంది. అక్కడ ఇంకా పొడవైన /28 ఉంది కనుక ఆ దారిన గమ్యం చేరుతుంది. 20.200కి పంపితే ఏ /28 కలవక నల్ జీరోలో పడుతుంది. పంపినవాడికి మళ్లీ ‘అన్‌రీచబుల్’ వస్తుంది.

మాట అదే. ఈసారి చెప్పింది ఆర్2. జవాబులోని సోర్స్ అడ్రసు చూస్తే తెలుస్తుంది. మొదటి ‘లేదు’ చూడలేనివాడిది. రెండోది ఆ /24లో ఏముందో, ఏది లేదో తెలిసినవాడిది. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడని, ఆప్తుడి మాటే శబ్దప్రమాణమని తర్కసంగ్రహం. అందుకే మా పిల్లలకు జవాబు కన్నా ముందు జవాబిచ్చిన అడ్రసును చదవమంటాను. ఇది ఇంజినీరింగ్ చిట్కా అని కొందరంటారు. నా దృష్టిలో ఇది ప్రమాణవిచారమే.

ఆర్2 ఆప్తత్వానికీ ఒక హద్దుంది. మొత్తం /24 నా వైపే అని అది ప్రకటించింది. అందులో కొంత దానికి తెలియని చోట ఉంటే, ఆ ముక్కకు వెళ్లే ప్యాకెట్లను కూడా ఆర్2 నల్ జీరోలో పోసి ‘లేదు’ అంటుంది. అప్పుడది ఆర్3 కన్నా ప్రమాదం, ఎందుకంటే దాని మాటను అందరూ నమ్ముతారు.

ఇలాంటి సరిహద్దు రౌటర్ మీ చేతిలో ఉంటే, ఆ ఒక్క లైను రాసే ముందు ఆ /24లోని 16 ముక్కలూ ఎక్కడెక్కడ ఇచ్చారో చూసుకోండి. ఒక్కటి రిప్ వైపు ఉన్నా ఆ లైను రాయకండి.